బహుమానానికి ముందు బాకీ

ఈ జూన్‌లో మా పాప బడికి వెళ్లడం మొదలుపెట్టింది. నాలుగేళ్లు దాన్ని చూసుకున్న అక్క మా ఇంట్లో పని మానేసింది. వెళ్లేటప్పుడు ఆమెకు ఏమివ్వాలన్న ప్రశ్న మా ఇంట్లో వారం రోజులు నలిగింది.

మంచి చీర పెట్టి, పసుపు కుంకుమ ఇచ్చి పంపమన్నారు మా అత్తగారు. "ఐదు వేలిద్దాం, సంతోషపడుతుంది" అన్నాడు మా ఆయన. ఒక నెల జీతమిస్తే మర్యాదగా ఉంటుందని నా స్నేహితురాలు చెప్పింది. ఎంతిస్తే మన మనసుకు తృప్తిగా ఉంటుందన్నదే అందరి కొలత. ఆమె చేసిన పనికి ఎంత రావాలి అని ఎవరం అడగలేదు. నేను కూడా అడగలేదు.

నేను స్త్రీల హక్కుల కోసం పనిచేసే సంస్థలో ఉద్యోగిని. కనీస వేతనాల గురించి హైదరాబాదు బస్తీల్లో మీటింగులు పెట్టేదాన్ని. అవి ఆలస్యమైతే "ఇంకో గంట ఉండవా అక్కా" అని ఫోన్ చేసేదాన్ని. ఆ గంటలకు ఏనాడూ లెక్క కట్టలేదు. చివరికి ఒక రాత్రి కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను.

మొదటి ఏడాది ఆమె జీతం నెలకు 9,000. ఏటా వెయ్యి చొప్పున పెంచితే నాలుగో ఏడుకి 12,000 అయింది. ఏడాది జీతంలో కనీసం 8.33 శాతం, అంటే ఒక నెల జీతం బోనస్‌గా ఇవ్వాలని 1965 నాటి చట్టం చెప్పింది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ శాతమే ఉంది. అయితే అది 20 మంది, అంతకు మించి పనిచేసేచోటుకే. మన వంటింట్లో, ఊయల పక్కన ఒంటరిగా పనిచేసే ఆడమనిషికి వర్తించదు. వర్తిస్తే ఎంతవుతుందో చూశాను. నాలుగేళ్లకు 42,000. నేనిచ్చింది దసరా దసరాకి ఒక చీర, వెయ్యి రూపాయలు.

గ్రాట్యుటీ సంగతీ అంతే. పదిమంది ఉన్న సంస్థలో, మామూలుగా ఐదేళ్లు నిండితే, ఏడాదికి 15 రోజుల జీతం రావాలని 1972 నాటి చట్టం చెప్పింది. నెలకు 26 పనిదినాల చొప్పున లెక్కేస్తే నాలుగేళ్లకు దాదాపు 27,700. రెండూ కలిపి, దసరాకిచ్చిన నాలుగు వేలు తీసేస్తే 65,700. మా ఆయన దాన్నే ఐదు వేలతో తేల్చేద్దామన్నాడు!

ఇంకో విషయం రాయడానికి సిగ్గుగా ఉంది. ఏడాది కిందట ఆమె కూతురికి టైఫాయిడ్ వచ్చి 11 రోజులు పనికి రాలేదు. ఆ రోజుల జీతం కోసేశాను. నాకు మాత్రం 2017 సవరణ వల్ల కాన్పుకి 26 వారాలు జీతంతో సెలవు దొరికింది. అది అయిపోయాక నేను తిరిగి ఉద్యోగంలో చేరగలిగానంటే ఆమె మా గడప తొక్కబట్టే.

"మా ఇంటి మనిషిలా చూసుకుంటాం" అని మనందరం అంటాం. ఇంటి మనిషికి జీతం పెంచమని అడిగే నోరుండదు. ఆదివారం సెలవు కావాలనే నోరూ ఉండదు. అక్కా అని పిలుస్తూ ఆ నోరు మనమే నొక్కేస్తున్నాం. ఇంటి పనివారి హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. ఇంటి పనివారికి ప్రత్యేక చట్టం అవసరమేమో పరిశీలించడానికి కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. చట్టం కోసం మనం కొట్లాడాలి. అది వచ్చేదాకా మన ఇంట్లో మనం ఆగనక్కరలేదు.

"చట్టంలో లేనిది మనమెందుకివ్వాలి?" అని మా ఆయన వాదించాడు. ఇదే ప్రశ్న బస్తీలో ఒక యజమాని అడిగితే నేను ఊరుకునేదాన్నా? చివరకు సగం అప్పుడే, మిగతాది రెండు నెలల్లో ఇచ్చేట్టు ఒప్పుకున్నాడు. కోసిన 11 రోజుల జీతం వేరుగా కట్టాం. అత్తగారి చీర బహుమానం కింద అలాగే ఉంది.

డబ్బు చేతిలో పెడితే ఆమె అడిగిన మొదటి మాట: "ఇది అప్పుగ ఇస్తున్నరా అమ్మా? నెలకెంత కట్టాలె?"

నాకు నోట మాట రాలేదు. లెక్క రాసిన కాగితం ఇచ్చాను. తొమ్మిదో తరగతి చదివే కూతురితో చదివించుకుంటానని మడిచి కొంగున ముడేసుకుంది.

మనలో చాలామంది జీతాలు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. ఒక్కసారి అంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తామని అడుగుతారు, నిజమే. ఏటా బోనస్‌కు ఒక నెల జీతం, గ్రాట్యుటీకి 15 రోజుల జీతం పక్కన పెడితే, 12,000 జీతానికి అది నెలకు 1,600 లోపే. పనిగంటలు, వారానికొక సెలవు, జబ్బు చేస్తే జీతంతో సెలవు మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి. ముందుగా మన సంఘాల్లో, మన ఇళ్ల నుంచే ఈ చర్చ మొదలు కావాలి. మీరు మీ ఇంట్లో ఎలా చేస్తున్నారో రాయండి.