పోరాటంలో సగం ఇంట్లోనే ఉంది
80ల నాటి ఆస్ట్రేలియా సినిమా అంటే మనోళ్లకు 'మ్యాడ్ మాక్స్' కార్లు, 'క్రొకొడైల్ డండీ' కత్తి, అంతే. నన్నడిగితే 1984లో రిచర్డ్ లోవెన్‌స్టీన్ తీసిన 'స్ట్రైక్‌బౌండ్' చూడమంటా. విక్టోరియా రాష్ట్రం కొరంబర్రాలో 1930లలో నిజంగా జరిగిన బొగ్గు గని సమ్మె కథ అది. కార్మికులు గని లోపలే బైఠాయిస్తే, పైన ఆగ్నెస్ అనే ఇల్లాలు ఆడవాళ్లను కూడగడుతుంది. లోపలోళ్లు నిలబడింది ఆ బలంతోనే.

మరి మనమో? పొలంలో సగం పని ఆడవాళ్లదే, సంఘం మీటింగులో మాట మాత్రం మనదే. ధర్నాకి వాళ్లను పిలిచేది వంటకే. ఇట్లయితే మూడో రోజుకే టెంటు ఖాళీ. భాష రాకపోయినా బొమ్మ అర్థమవుద్ది. ఒక్కరే చూడకండి, ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.