ఱొమ్ములో బరువు

వానకొఱకు వేచియుండుట కళ్యాణదుర్గపు సీమవారికి పుట్టుకతో నబ్బిన విద్య. వేరుసెనగ విత్తనములను ఇంట నుంచుకొని, నేడు కాకున్న రేపను నాసతో ఆకాశమువంక చూచుట ఇచ్చటి రైతునకు అలవాటు. ఈ యోర్పు ఎన్నియో కఱవులను దాటించినది. కాని ఱొమ్ములో బరువు తోచినపుడు ఇదే యోర్పు ప్రాణములను తీయుచున్నది. “వాయువై యుండును, తెల్లవాఱిన పిదప చూతము” అని సోడా త్రాగి పరుండుట యెంతటి ప్రమాదమో మన ప్రజలు గుర్తింపవలసియున్నది.

గుండెపోటు కత్తితో పొడిచినట్లే వచ్చునని తలంచుట పొరపాటు. పెక్కుమందికి ఱొమ్ము నడుమ ఱాయి పెట్టినట్లు, త్రాటితో బిగించినట్లు తోచును. ఆ బాధ చేతులకు, దవడకు, వీపునకు, కడుపు పైభాగమునకు ప్రాకవచ్చును. చల్లని చెమట, ఆయాసము, వాంతి తోడుకావచ్చును. స్త్రీలకును, వృద్ధులకును, మధుమేహము గలవారికిని ఱొమ్మునొప్పి లేకయే ఈ చిహ్నములు కనిపించుట కలదు. నడచునపుడు వచ్చి, నిలిచినంతనే పోవు బిగువును విలియం హెబర్డెన్ అను ఆంగ్లవైద్యుడు 1772లోనే వర్ణించెను. అదియు హెచ్చరికయే.

ఇక మందుల మాట. బావులలో బండలను పగులగొట్టు డైనమైటునకు మూలమైన నైట్రోగ్లిసరినే ఈ బాధకు ఉపశమన మిచ్చునని 1879లో లండను వైద్యుడు విలియం మరెల్ ప్రకటించెను. ఈ జాతి మాత్రలు నాళములను సడలించి గుండె శ్రమను తగ్గించును. నాళమున పేరుకొన్న నెత్తుటిగడ్డను మాత్రము కరగింపజాలవు. కావున బాధ తగ్గినదని ఆసుపత్రిని మఱచుట తగదు. వైద్యుడు తమకు వ్రాసియిచ్చినవారే, కూర్చుండి, ఒక మాత్రను నాలుకక్రింద నుంచుకొనవలెను. 5 నిమిషములలో బాధ తగ్గనిచో, లేక హెచ్చినచో, తత్క్షణమే 108కి ఫోను చేయవలెను. మున్నెన్నడును ఆ మాత్ర నెఱుగనివారు మొదటనే ఫోను చేయవలెను. పొరుగువాని మాత్రను అరువు తెచ్చుకొనరాదు. కండ్లు తిరుగుచున్నవారును, సిల్డినాఫిల్, టడలాఫిల్ వంటి మందులను ఇటీవల వాడినవారును దానిని ముట్టరాదు. రక్తపుపోటు ప్రమాదకరముగా పడిపోవును. మాత్రలను వాని సీసాలోనే చల్లని చోట నుంచవలెను. మన యెండలలో చొక్కాజేబు తగినచోటు కాదు. ఆస్పిరిన్ నమలుట పలువురకు మేలు చేయును; అది పడనివారికిని, రక్తస్రావము గలవారికిని కీడు. కనుక ఫోనులోని వైద్యసిబ్బంది నడిగియే వాడవలెను. స్టెంటు వేయించుకొన్నవారు “కులాసాగా నున్నాము” అనియో, చేత డబ్బు లేదనియో నిత్యము వాడు మందులను తమంతట తాము మానరాదు.

కళ్యాణదుర్గమునుండి అనంతపురమునకు సుమారు 60 కిలోమీటర్లు. పల్లెలకు దూరము మఱింత హెచ్చు. గుండెకండరమో గడియగడియకును నశించుచుండును. గడ్డను కరగించు టెనెక్టిప్లేస్ సూదిమందును దూరపు ప్రభుత్వాసుపత్రులలోనే ఇచ్చి, ఇ.సి.జి. పటమును నగరమందలి నిపుణునకు పంపు ఏర్పాటును రాష్ట్రప్రభుత్వము 2023లో తిరుపతి ప్రాంతమున మొదలిడి, తరువాత విస్తరింపజేసినది. ఇది మెచ్చదగిన పని. అయితే మందు బీరువాలో నుండిన చాలదు. నడిరేయి వచ్చిన కూలివానికిని దానిని పరీక్షించి యిచ్చు శిక్షితహస్తము అచ్చట నుండవలెను. దీనిని కోరుట యాచన కాదు, పౌరుల హక్కు.

ప్రభుత్వము తన విధిని నెఱవేర్చుగాక. ఇంటివారు తమ విధిని మఱవకుందురుగాక. ఖర్చునకు జంకియో, కూలి పోవుననియో, తెల్లవాఱు బస్సుకొఱకు రోగిని కూర్చుండబెట్టుట మానవలెను. వానకొఱకు వేచియుండక తప్పదు. గుండెపోటునకు మాత్రము వేచియుండరాదు.