ట్రాలీ బ్రేకు: ముందు కొలత, తర్వాతే కొట్టు

ఈసారి ఆకు, పురుగు పక్కన పెట్టి ట్రాలీ బ్రేకుల గురించి మాట్లాడతాం.

మా గుంపు కలిసి కొన్న పాత రెండు చక్రాల ట్రాలీకి బ్రేకులు పూర్తిగా పోయినయ్. అదీ పురుగు నాలుగో జ్వరం నుంచి లేచిన రెండో రోజు. మొత్తం ఆకులో 80 శాతానికి పైగా ఐదో దశలోనే తింటుందని మీకు తెలిసిందే. బండి ఆగితే షెడ్డులో పస్తు. "ట్రాక్టరుకు బ్రేకులున్నయ్ కదా, నడుపుర్రి" అన్నారు కొందరు. మేం ఒప్పుకోలేదు. దిగుడులో నిండు ట్రాలీ వెనక నుంచి తోస్తే, ట్రాక్టరు బ్రేకు ఎంత తొక్కినా ట్రాలీ పక్కకు తిరిగి మడత పడుతుంది. పైగా ఆకు కొమ్మల మీద కూలికొచ్చిన ఆడవాళ్లు కూర్చుని వస్తారు. వద్దంటాం, వినేదెవరు?

ఆ పంటకు కిరాయి ఆటోలో ఆకు మోసుకున్నాం. తర్వాత దగ్గరి టౌన్‌లో బ్రేకు సెట్టు అడిగితే, చక్రానికి ఎన్ని బోల్టులని అడిగి ఒకటి చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి చూస్తే ప్లేటు రంధ్రాలే కలవలేదు. "వెల్డింగు కొట్టి కూర్చోబెడతా" అన్నాడు మెకానిక్. మాకది నచ్చలేదు. బ్రేకు పట్టినప్పుడు బలమంతా పడేది ఆ ప్లేటు మీదే. ఆ సెట్టు డబ్బులు మాత్రం తిరిగి రాలేదు.

మాలో ఇద్దరం ఒకప్పుడు భీవండిలో సాంచాలు నడిపినవాళ్లం. అక్కడి పద్మానగర్‌లో మనవాళ్లు ఎందరో ఉన్నారని మీకు తెలుసు. చుట్టాల పెళ్లికి పోతూ పాత ప్లేటును సంచిలో వేసుకుపోయాం. ముంబై–నాసిక్ రోడ్డు మీది ఊరు, చుట్టూ గోదాములు, ఎటు చూసినా లారీలే. అక్కడ కొట్టులో పెద్దాయన ట్రాలీ ఏ కంపెనీదని అడగనే లేదు, నేరుగా కొలత టేపు తీశాడు. మాకు సిగ్గనిపించింది. సాంచా సామాను విరిగితే విరిగిన ముక్కనే కొట్టుకు పట్టుకుపోయేవాళ్లం. నాడె మధ్యలో ఇరుక్కుంటే సాంచా బ్రేకు వెంటనే పట్టాలి, లేకుంటే పడుగు పోగులు తెగిపోతాయ్. అంత తెలిసినవాళ్లం, ట్రాలీ దగ్గరికొచ్చేసరికి బోల్టులు లెక్కపెట్టి ఊరుకున్నాం.

అసలు చూడాల్సింది బ్రేకు కొలత. 300×60 అంటే డ్రమ్ము లోపలి అడ్డకొలత 300 మి.మీ., షూ వెడల్పు 60 మి.మీ. పాత డ్రమ్ము అరిగి పెద్దదవుతుంది కాబట్టి, షూ తగలని అంచు దగ్గర కొలవండి. ప్లేటుకు రంధ్రాలెన్ని, ఎదురెదురు రంధ్రాల మధ్య దూరమెంత, నడిమి రంధ్రం ఎంత, ఇరుసు కడ్డీ మందం ఎంత, ఇవన్నీ రాసుకోండి. లీవరుతో పనిచేసేదా, ఆయిలుతోనా అన్నదీ చెప్పాలి. ఎడమ, కుడి వేరువేరుగా ఉంటాయ్. రెండు వైపులా ఒకేసారి మార్చాలి, ఒక్కటే మారిస్తే బండి ఒక పక్కకు లాగుతుంది.

బిగించాక ముందు ఖాళీ ట్రాలీతో, తర్వాత బరువుతో నడిపి చూశాం. లైనింగు దుమ్మును ఊదకుండా తడి గుడ్డతో తుడిచాం. గ్రీజు మరక ఆకుకు అంటకుండా ట్రాలీ అడుగు కడిగాకే ఆకు వేశాం.

మా అభిప్రాయం ఇది: గుంపు పొదుపులో రేకుల కన్నా, రంగుల కన్నా ముందు బ్రేకులకే డబ్బు తీయాలి, అదీ రెండు పంటల మధ్య ఖాళీలో. పాత ట్రాలీ కొనేటప్పుడు చక్రం విప్పించి, లోపల చూశాకే బయానా ఇవ్వాలి. మేం ఇవ్వడానికి తొందరపడ్డాం.

మీ ట్రాలీ ప్లేటు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, కొలతలతో ఈ గ్రూపులో పెట్టండి. ఒకే కొలత వాళ్లం కలిసి తెప్పించుకుందాం.