ఇంటనే కొయ్యనేల పఱచుట

పడకగదికి కొయ్యనేల అమర్చుకొనవలెనని పలువురకు కోరిక కలదు. చలికాలమున అది పాదములకు జిల్లుమని తగులదు. చూపునకును ఇంపుగా నుండును. వడ్రంగి లేకయే ఇంటివారు పఱచుకొనదగిన పలకలు నేడు దొరకుచున్నవి. పలకకు ఒక అంచున నాలుకయు, వేఱొక అంచున గాడియు నుండును. నాలుకను గాడిలో దూర్చి అదిమినచో రెండును బిగిసికొనును. మేకులుగాని జిగురుగాని అక్కఱలేదు.

అయినను తొందర కూడదు. కోసి పలకగా చేసిన పిమ్మటను కొయ్య తేమను పీల్చి ఉబ్బును, ఎండినపుడు ముడుచుకొనును. ఈ స్వభావము నెఱుగక పఱచిన నేల వానకాలమున నడుమ పైకి లేచును. వెచ్చించిన ధనము వ్యర్థమగుటయే గాక, రాత్రివేళ లేచిన వృద్ధులు తట్టుకొని పడుదురు.

కావున మొదట గచ్చును పరీక్షింపుడు. ప్లాస్టిక్ కాగితమును దానిపై నలువైపుల అంటించి ఒక దినముంచుడు. అడుగున చెమ్మ కనబడినచో పని ఆపుడు. పిమ్మట మట్టము చూడుడు. 2 మీటర్ల నిడివిలో 3 మిల్లీమీటర్లకు మించిన ఎత్తుపల్లము లుండరాదు. పలకల కట్టలను ఆ గదిలోనే 2 దినములు పరుండబెట్టినచో అవి అచటి గాలికి అలవడును.

పఱచునపుడు క్రింద ప్లాస్టిక్ పొరయు, దానిపై పలుచని మెత్తని పొరయు వేయుడు. ఒక వరుస అతుకునకును ప్రక్కవరుస అతుకునకును 30 సెంటీమీటర్లయిన ఎడముండవలెను. గోడలవెంట అన్నివైపుల 10 మిల్లీమీటర్ల సందు విడువుడు. చూచుటకు బాగుండదని పలకలను గోడకు ఆనించువారు కలరు. అది తగదు, ఉబ్బిన కొయ్యకు జరుగుటకు అదియొక్కటే చోటు. స్కర్టింగుపట్టీ ఆ సందును కప్పివేయును. పట్టీని గోడకే బిగింపవలెను, నేలకు కాదు.

చెదలు గల యింట మందు కొట్టించిన పిమ్మటనే ఈ పనికి పూనుకొనుడు.

కడపరాతి నేలలను బిందెలతో నీరుపోసి కడుగుట మనకు వాడుక. కొయ్యనేలకు అది హాని. గట్టిగా పిండిన గుడ్డతో తుడిచిన చాలును. ఈ మాట పనిమనిషికి మొదటిదినముననే చెప్పుడు. నీటితో నిత్యము పనిగల వంటయింటికిని, స్నానపు గదికిని మాత్రము రాతినేలయే మేలు.