పాత కారు, కొత్త స్పీకర్లు, మామ్మగారి చెవి



ఈ నెల మీతో ఒక పాత కారును గూర్చి మాట్లాడవలెనని ఉన్నది. కాపరికి కార్లతో ఏమి పని అని నవ్వుకొనకండి. నేను వేదాంత పాఠశాలకు వెళ్ళకమునుపు రెండేళ్ళు ఒక రేడియో రిపేరు కొట్టులో సహాయకుడిగా పనిచేశాను. ఆ చేతివాటం ఇంకా పూర్తిగా పోలేదు. అందుకే మా కామవరపుకోట చుట్టుపక్కల ఎవరి ఇంట్లో పాటల పెట్టె మూగబోయినా ముందు కబురు నాకే వస్తుంది.

మా సంఘములో ఒక కుటుంబమున్నది. ఇంటి పెద్ద ప్రభువునందు నిద్రించి కొన్నేళ్ళయింది. ఆయన పొగాకు పండించిన రోజుల్లో, 2001లో, సెకండ్‌హ్యాండులో ఒక కాంటెస్సా కారు కొన్నారు. ఏపీ 37 నంబరు. హిందుస్థాన్ మోటార్స్ వారు 1984లో ఆ కారును బయటకు తెచ్చారు. ఇంగ్లండులోని వాక్స్‌హాల్ వారి విక్టర్ అనే పాత నమూనా మీద దానిని తయారుచేశారు. తరువాత దానికి ఇసుజు ఇంజను పెట్టారు. 2002లో తయారీ ఆగిపోయింది. నిజానికి అది స్పోర్ట్సు కారు కాదు. కాని పొడవాటి ముక్కు, ముందు నాలుగు గుండ్రని దీపాలు, అంబాసిడర్ పక్కన నిలబెడితే దాని ఠీవి వేరు. మా ఊరి పిల్లలు దానిని స్పోర్ట్సు కారనే పిలిచేవారు. ఆయన కూడా కాదనేవారు కారు, మీసం సవరించుకొనేవారు.

ఆయన పోయిన తరువాత కారు షెడ్డులో ఉండిపోయింది. పెద్ద కొడుకు ఊళ్ళోనే పామాయిల్ తోట చూచుకొంటాడు. చిన్న కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. సంక్రాంతి సెలవులకు చిన్నవాడు వచ్చి కారు బాగుచేయించాడు. అంతవరకు సంతోషమే. తగవు స్పీకర్ల దగ్గర మొదలయింది.

ఆ కారులో ఒక క్యాసెట్టు ఉన్నది. 1999లో మా గుడిలో కోతకాలపు పండుగ జరిగినప్పుడు ఎవరో రికార్డు చేశారు. అందులో ఆ పెద్దాయన చేసిన ప్రార్థన ఉన్నది. ఇంట్లో ఆయన గొంతు మిగిలినది అదొక్కటే. మామ్మగారు వెనుక సీటులో కూర్చుని ఆ క్యాసెట్టు పెట్టించుకొంటారు. కాని పెట్టిన ప్రతిసారీ ముఖం చిన్నబుచ్చుకొని, "మీ నాన్న మాట తెలియడం లేదురా" అంటారు.

చిన్నవాడు, "పాత డొక్కు స్పీకర్లమ్మా, అన్నీ పీకేసి కొత్త సిస్టమ్ పెట్టిస్తాను, డిక్కీలో పెద్ద బాక్సు పెడతాను, ఊరంతా వినబడుతుంది" అన్నాడు. పెద్దవాడు, "నాన్న పెట్టుకున్న సామాను ముట్టుకోవద్దు" అన్నాడు. "అమ్మకు మతిమరుపు వచ్చింది, విన్నదే మళ్ళీ మళ్ళీ అడుగుతోంది" అని కూడా అన్నాడు. మాట మాట పెరిగింది. ఆదివారం ఆరాధన అయిన తరువాత ఇద్దరూ విడివిడిగా నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మీరే చెప్పండి" అన్నారు.

నేను తీర్పు చెప్పలేదు. స్క్రూడ్రైవరు తీసుకొని వెళ్ళాను.

మొదట ఆ క్యాసెట్టును చిన్నవాడి చేత ఫోనులోకి ఎక్కించాను. పాత టేపు ఎప్పుడు తెగుతుందో, ఎప్పుడు చుట్టుకుపోతుందో ఎవరూ చెప్పలేరు. మీ ఇళ్ళల్లోనూ పెద్దల గొంతులున్న క్యాసెట్లు ఉంటే ముందు ఆ పని చేయండి. తరువాతే మిగిలినవి.

ఆ తరువాత పాటను సన్నగా పెట్టి, బ్యాలెన్సు మీటను ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిప్పాను. ఎడమ స్పీకరు బరబరమంటోంది. కుడిది ఒక్కటే మోగినప్పుడు బాగానే ఉన్నది. రెండూ కలిసినప్పుడు మాత్రం గొంతు పీలగా, రేకు డబ్బాలో నుండి వచ్చినట్లు ఉన్నది. బ్యాటరీ మైనస్ తీగ ఊడదీసి, వెనుక అద్దం కింది పలక మీదనున్న కోలగుండ్రని స్పీకర్లు రెండూ విప్పాము.

స్పీకరంటే పెద్ద మర్మమేమీ లేదు. కాగితపు గరాటు ఒకటి, దాని అడుగున సన్నని రాగి తీగ చుట్ట, ఆ చుట్ట చుట్టూ అయస్కాంతము. టేపు నుండి వచ్చిన కరెంటు చుట్టలో పారితే చుట్ట ముందుకు వెనుకకు కదులుతుంది, గరాటు దానితో కదిలి గాలిని నెడుతుంది. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇద్దరు ఇంజనీర్లు కుదిర్చిన పద్ధతే నేటికీ ఆధారము. ఆ గరాటు స్వేచ్ఛగా కదలడానికి దాని అంచున మెత్తని ఉంగరము ఒకటి ఉంటుంది. పాత స్పీకర్లలో చాలా వాటికి అది స్పాంజితో చేసినది. ఎండకు, చెమ్మకు పది పదిహేనేళ్ళలో అది పొడి అయిపోతుంది. ఎడమ స్పీకరు అంచు నేను వేలు పెట్టగానే పాత ఇటుక పొడిలా రాలింది. గరాటు ఒక పక్కకు ఒరిగి, చుట్ట అయస్కాంతానికి రాసుకొంటోంది. బరబర శబ్దము అదే.

మరి కుడిదానికి ఏమి జబ్బు? దాని తీగలు తారుమారు అయినవి. ప్లస్ ఉండవలసిన చోట మైనస్ ఉన్నది. అప్పుడు ఒక స్పీకరు గాలిని ముందుకు నెట్టే క్షణములోనే రెండవది వెనుకకు లాగుతుంది. రెండూ పనిచేస్తూనే ఉంటవి, కాని బరువైన శబ్దాలను ఒకదానిది ఒకటి చెరిపివేస్తవి. తీగలు పరీక్షించడం తేలిక. గోడ గడియారంలో వేసే ఒకటిన్నర వోల్టు బ్యాటరీని క్షణకాలం తాకించండి. బ్యాటరీ ప్లస్ స్పీకరు ప్లస్‌కు తగిలితే గరాటు బయటకు రావాలి. లోపలికి పోతే తారుమారైనట్లే.

ఆ మాట చెప్పి నేను అన్నదమ్ముల ముఖాల వైపు చూచాను. పెద్దవాడు తల దించుకొన్నాడు. చిన్నవాడు నవ్వి ఊరుకొన్నాడు. నేను ఇంకేమీ అనలేదు.

కొత్త స్పీకర్లకు ఏలూరు వెళ్ళాము. ముగ్గురమూ ఆ కారులోనే. కొట్టులో ఒక పెట్టె మీద 500 వాట్లని, మరొక దాని మీద 300 వాట్లని రాసి ఉన్నది. చిన్నవాడి చెయ్యి పెద్ద అంకె వైపు పోయింది. నేను ఆపాను. ఆ అంకె స్పీకరు ఒక్క క్షణం ఓర్చుకోగలిగినది మాత్రమే. ఎడతెగకుండా ఎంత ఓర్చునో చెప్పే అంకె ఆర్.ఎం.ఎస్. అని చిన్న అక్షరాలతో ఉంటుంది. పైగా మన పాత టేపు ఇచ్చేదే కొద్ది వాట్లు. మెట్టలో రైతులకు నేను చెప్పనక్కరలేదు, పెద్ద హార్స్‌పవరు మోటారు దించినంత మాత్రాన బోరులో నీరు ఊరదు గదా. చూడవలసినది మరొక అంకె, ఒక్క వాటుకు ఎన్ని డెసిబెల్సు మోగుతుందనేది. దానిలో మూడు డెసిబెల్సు ఎక్కువ ఉంటే, వాట్లు రెట్టింపు చేసినంత ఫలితము. అలాగే పాత టేపుకు నాలుగు ఓముల స్పీకర్లే కావాలి. ఒకే జత తీగలకు రెండు తగిలిస్తే రెండు ఓములై టేపు వేడెక్కిపోతుంది.

ఇంకొక జాగ్రత్త. పాత స్పీకరు విప్పిన బెజ్జాన్ని అట్టముక్క మీద గీసి, దానిని కొట్టుకు తీసుకుపోయాము. లోతు కూడా కొలిచాము. కొత్త దాని అయస్కాంతము పెద్దదైతే డిక్కీ మూత వేసేటప్పుడు తగులుతుంది. అంచు స్పాంజిది కాక రబ్బరుది చూచి కొన్నాము, మన ఎండకు వానకు అదే నిలుస్తుంది. ఒక్కటే చెడినా రెండూ మార్చాము, జత కుదరకపోతే శబ్దము ఒక వైపుకే లాగుతుంది. టేపును మాత్రం తీయలేదు. దానిలో చెడినది ఏమీ లేదు. పెద్దవాడి మాట అలా నిలిచింది, చిన్నవాడి మాట ఇలా నిలిచింది.

ఇంటికి వచ్చి బిగించి, తీగలు సరిచూచి, క్యాసెట్టు పెట్టాము. ఆ పెద్దాయన గొంతు నిండుగా, గుడిలో నిలబడి మాట్లాడినట్లు వచ్చింది. పెద్ద కొడుకు కళ్ళు తుడుచుకొన్నాడు. మేమందరము మామ్మగారి వైపు చూచాము.

ఆమె కొంచెముసేపు విని, మెల్లగా అన్నారు: "గొంతు తెలుస్తోందండి అయ్యగారూ. మాట తెలియడం లేదు."

ప్రియులారా, ఆ మాటతో నాకు కళ్ళు తెరువబడినవి. చెడినది స్పీకరు ఒక్కటే కాదు.

వయస్సు మళ్ళేకొద్దీ మన చెవి మొదట పోగొట్టుకొనేది సన్నని శబ్దాలను. మాటలో అచ్చులు బరువైనవి, అవి వినబడుతూనే ఉంటవి. స, శ, త, చ వంటి హల్లులలోని బుసబుసలు, టకటకలు సన్నని శబ్దాలు. అవి పోతే "సాయం" అన్నది "ఆయం" లాగా ఉంటుంది. గొంతు ఎవరిదో తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. అటువంటివారితో మనము ఏమి చేస్తాము? కేకలు వేస్తాము. కేకలో పెరిగేది అచ్చులే. డిక్కీలో పెద్ద బాక్సు పెట్టినట్లే, దద్దరిల్లుతుంది గాని మాట విడదు. అడిగిందే మళ్ళీ అడిగితే విసుక్కొంటాము. తరువాత, "ముసలామెకు మతి తప్పింది" అంటాము. వారు అడగడం మానేస్తారు. గుంపులో ఉండి కూడా ఒంటరివారౌతారు.

నేనూ నిర్దోషిని కాను. ఆ మామ్మగారు మూడేళ్ళుగా గుడిలో వెనుక వరుసలో కూర్చుని నా ప్రసంగము మధ్యలో కునుకు తీస్తున్నారని నాలో నేను నొచ్చుకొన్నాను. ఒకసారి అందరి ముందు చిన్న హాస్యము కూడా ఆడాను. ఆమె కూడా నవ్వారు, ఏమి విన్నారో ఏమో. ఆ రాత్రి లేవీయకాండము 19వ అధ్యాయములో చెవిటివారిని గూర్చిన ఆజ్ఞను మళ్ళీ చదువుకొన్నాను. చెవిటివారిని తిట్టకూడదని, దేవునికి భయపడవలెనని అక్కడున్నది. మరునాడు వెళ్ళి ఆమె ఎదుట కూర్చుని, నా ముఖము ఆమెకు కనబడేటట్లు, నిదానముగా క్షమాపణ చెప్పాను.

కొడుకులిద్దరూ ఆమెను ఏలూరులో చెవి ముక్కు గొంతు డాక్టరుగారికి చూపించారు. చెవిలో గులిమి లేదని చూచి, గదిలో కూర్చోబెట్టి వినికిడి పరీక్ష చేశారు. రెండు చెవులలోను సన్నని శబ్దాలే బాగా తగ్గినవని తేలింది. వినికిడి యంత్రము పెట్టారు. మొదటి వారము ఆమెకు అది వేధింపే. పళ్ళెము దించితే గుడిగంటలా ఉన్నదని, పంకా శబ్దము భరించలేనని తీసి పక్కన పెట్టేవారు. రోజుకొక గంట పెంచుకొంటూ పొమ్మని డాక్టరుగారు చెప్పారు. పెద్ద కోడలు ఓపికగా అలవాటు చేయించింది. 2020లో లాన్సెట్ అను వైద్య పత్రిక నియమించిన పండితుల సంఘము, వినికిడి లోపాన్ని పట్టించుకోకపోవడము మతిమరుపు జబ్బుకు దారితీసే కారణాలలో ఒకటని చెప్పినది. కనుక ఇది వయస్సు మీద తోసేసి ఊరుకొనే సంగతి కాదు.

యౌవనులకు కూడా ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 80 డెసిబెల్సు శబ్దమును వారానికి 40 గంటలు మించి వినరాదు. ఆపైన మూడు డెసిబెల్సు పెరిగినప్పుడల్లా ఆ గంటలు సగమౌతవి. 83కు 20 గంటలే. అద్దాలు బిగించిన కారులో పెద్ద బాక్సు పెట్టుకొని తిరిగేవారు తమ ముసలితనపు చెవిని ఇప్పుడే ఖర్చుపెట్టుకొంటున్నారు. మా గుడి మైకు విషయములో కూడా నేను మారాను. శబ్దము తగ్గించి, స్పీకర్లను గోడ వైపు నుండి మనుష్యుల వైపుకు తిప్పించాను. చదివేటప్పుడు తల ఎత్తి, వాక్యానికి వాక్యానికి మధ్య ఆగుతున్నాను. మా పెద్దవాళ్ళు ఇప్పుడు ముందు వరుసలకు వస్తున్నారు.

చివరి సంగతి చెప్పి ముగిస్తాను. మొన్న ఒక సాయంకాలము ఆ కుటుంబము నన్ను పిలిచింది. కారు షెడ్డులోనే ఉన్నది. మామ్మగారు యంత్రము పెట్టుకొని వెనుక సీటులో కూర్చున్నారు. క్యాసెట్టు వేశారు. ఆమె పెదవులు ఆయన మాటలతోపాటు కదులుతున్నవి. ప్రార్థన ముగిసి, ఆమెన్ తరువాత కొద్దిసేపు కుర్చీలు జరిపిన చప్పుడు. ఆ చప్పుడులో దూరము నుండి ఒక ఆడగొంతు, "అన్నాలు వడ్డించమంటారా అండి?" అని అడిగింది. ఇన్నిసార్లు విన్నాము గాని మేమెవ్వరమూ దానిని పట్టించుకోలేదు.

మామ్మగారు ఒక్కసారి నిటారుగా కూర్చుని, చిన్నపిల్లలా నవ్వారు. "ఒరేయ్ అబ్బాయిలూ, అది నేనేరా!"

చిన్నవాడు టేపు వెనుకకు తిప్పాడు. పెద్దవాడు కారు తలుపు తీసి, తల్లి పక్కన కూర్చున్నాడు.

మీ ఇంట్లో ఎవరైనా రెండవసారి "ఏమన్నావు?" అని అడిగితే, ఈ నెల విసుక్కొనకండి. ఎదుట కూర్చుని, ముఖము చూపి, నిదానముగా చెప్పండి. తరువాత డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. వచ్చే నెల మళ్ళీ కలుసుకొందాము.

మీ కాపరి,
కామవరపుకోట