విత్తన ప్రత్తిలో వెట్టి నిర్మూలన: తనిఖీ పత్రమా, సేకరణ ధరా?

పెద్ద సంస్థలు తాము కొనే సరకు వెనుక నిర్బంధ శ్రమ లేదని తామే విచారించి నిర్ధారించుకోవాలని శాసించే చట్టాలు గత పదిహేనేండ్లలో ఒకదాని వెంట ఒకటిగా వెలువడినవి. 2010లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, 2015లో బ్రిటన్ చేసిన చట్టాలు ఈ విషయంలో సంస్థ ఏమి చేస్తున్నదో ప్రకటిస్తే చాలునన్నవి. 2017 నాటి ఫ్రెంచి చట్టం ప్రకటనతో సరిపెట్టుకోక, ప్రమాదాలను గుర్తించి నివారించే ప్రణాళికను రూపొందించి అమలు జరపడం సంస్థ విధి అన్నది. జర్మనీ చట్టం 2023లో మూడు వేల మంది, 2024 నుంచి వెయ్యి మంది ఉద్యోగులు గల సంస్థలకు వర్తించింది. అమెరికా 1930 నాటి సుంకాల చట్టంలోనే నిర్బంధ శ్రమతో తయారైన సరకు దిగుమతిని నిషేధించింది; 2022 జూన్ నుంచి చైనాలోని షింజియాంగ్ ప్రాంతపు సరకు విషయంలో రుజువు భారాన్ని దిగుమతిదారుపైనే మోపింది. ఐరోపా సమాజం 2024లో సంస్థల బాధ్యతపై ఒక ఆదేశాన్ని, నిర్బంధ శ్రమతో తయారైన సరకును విపణిలోకి రానీయని మరొక శాసనాన్ని ఆమోదించింది. రెండవది 2027 డిసెంబరు 14 నుంచి అమలులోకి వస్తుంది. మొదటిది అమలుకు రాకముందే 2025లో వాయిదా పడింది. దాని పరిధిని కుదించే ప్రయత్నమూ ఆ ఏడే మొదలైనది.

ఇవన్నీ న్యాయవాదులకు, ఎగుమతిదారులకు సంబంధించిన విషయాలని, వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు వీటితో పని లేదని భావించడం పరిపాటి. ఆ భావన సరికాదు. బాల కార్మికులతో గాని నిర్బంధ శ్రమతో గాని ఉత్పత్తి అవుతున్న సరకుల పేర్లతో అమెరికా కార్మిక శాఖ ఒక జాబితాను ప్రచురిస్తున్నది. అందులో భారతదేశం ఎదుట ఇటుకలు, తివాచీలు మొదలైన వాటితో పాటు సంకర ప్రత్తి విత్తనం కూడా నమోదై ఉన్నది. అదీ రెండు శీర్షికల క్రిందను. సంకర ప్రత్తి విత్తనం అనగానే స్ఫురించే ప్రాంతాలలో నంద్యాల, గద్వాల ముందుంటాయి. ఆ చేలలోని శ్రమ స్వభావం విత్తనశాస్త్రం చదివిన వారికి తెలిసినంతగా బెర్లిన్‌లో చట్టం వ్రాసిన వారికి తెలియదు.

సూరత్ పరిశోధన కేంద్రంలో సి.టి. పటేల్ రూపొందించగా 1970లో విడుదలైన హైబ్రిడ్-4, వాణిజ్య స్థాయిలో సాగైన తొలి సంకర ప్రత్తి. భారతీయ సస్య ప్రజనన శాస్త్రం గర్వించదగిన ఫలితమది. కాని ఆ విత్తనాన్ని ఏటా కొత్తగా, చేతితోనే తయారు చేయవలసి వచ్చింది. మరునాడు విచ్చుకోబోయే మొగ్గను ఆడ వరుసలలో సాయంత్రం వేళ గుర్తించి, కీలానికి దెబ్బ తగలకుండా రక్షక, ఆకర్షక పత్రాలతో సహా కేసరాలను గోటితో గిల్లివేయాలి. మరునాటి ఉదయం మగ వరుసల పూలు కోసి తెచ్చి కీలాగ్రానికి పుప్పొడి అద్దాలి. ఈ పని రెండు మూడు నెలలపాటు ప్రతిదినం సాగాలి. కలుపు తీత రెండు రోజులు ఆగితే పైరు మన్నిస్తుంది; సంకరణం ఒక్క రోజు ఆగితే ఆనాటి పూత ఆత్మపరాగ సంపర్కం చెంది విత్తన శుద్ధత దెబ్బతింటుంది, మొత్తం దిగుబడి తిరస్కరణకు గురయ్యే ప్రమాదమూ ఉన్నది.

వెట్టి ఇక్కడనే పుట్టింది. కూలీ ఒక్కరోజు మానినా నష్టపోయే రైతు, ఆ కూలీ మానకుండా ముందే కట్టడి చేయజూస్తాడు. పనులు లేని వేసవిలో పేద కుటుంబానికి అడ్వాన్సు ముట్టజెప్పి, సీజనంతా వారి బిడ్డ, ఎక్కువగా ఆడబిడ్డ, చేనికి రావాలని మాట తీసుకోవడం ఆ విధంగా ఆచారమైనది. చిన్న వేళ్లకు మొగ్గ గిల్లే నేర్పు ఎక్కువని, చిన్నపిల్లలు నడుము వంచకుండానే పని చేయగలరని చెప్పిన మాటలు తరువాతి సమర్థనలే. బాలలను మానిపించిన చేలలో అదే పనిని పెద్దలు చేస్తూనే ఉన్నారు. పిల్లలకు ఇచ్చే కూలి తక్కువ, వారు ఎదురు చెప్పరు. అసలు సంగతి అది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930 నాటి ఒడంబడిక ప్రకారం, ఏదో ఒక శిక్ష పడుతుందన్న బెదిరింపుతో, స్వచ్ఛందంగా ముందుకు రాని వ్యక్తిచేత చేయించుకొనే పని నిర్బంధ శ్రమ. 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం అడ్వాన్సుకు బదులు శ్రమను కట్టివేయడాన్ని నిషేధించింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు మరింత ముందుకు వెళ్లి, కనీస వేతనం కన్న తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమయేనని తీర్పు చెప్పింది; ఆకలి కూడా నిర్బంధమేనని ఆ తీర్పు తాత్పర్యం. వెట్టి అనే మాటకు తెలంగాణలో నిఘంటువు అవసరం లేదు గాని, ఈ తీర్పును విత్తన ఉత్పత్తి వ్యయానికి అన్వయించి చూసిన వారు అరుదు. రైతుకు ముట్టే సేకరణ ధరలో కనీస వేతనానికి చోటు లేకపోతే, నిర్బంధ శ్రమ ఆ ధరలోనే ఇమిడి ఉన్నదని ఒప్పుకోక తప్పదు.

ఈ ధర ఎవరు నిర్ణయిస్తారు? కంపెనీ మూల విత్తనాన్ని ఆర్గనైజరుకు ఇస్తుంది. ఆర్గనైజరు రైతులను కూడగట్టి పెట్టుబడి సమకూర్చి, ఆ అప్పును వడ్డీతో సహా పంట నుంచి రాబట్టుకుంటాడు. కంపెనీ పరీక్షలో నెగ్గిన విత్తనానికే ధర లభిస్తుంది. రైతుకు కంపెనీతో నేరుగా ఒప్పందం ఉండకపోవడం సర్వసాధారణం. జర్మనీ చట్టం ప్రత్యక్ష సరఫరాదారు విషయంలో క్రమం తప్పని విచారణ కోరుతుంది; పరోక్ష సరఫరాదారు విషయంలో మాత్రం ఉల్లంఘన జరుగుతున్నదనడానికి ఆధారం దొరికినప్పుడే కదలాలంటుంది. అటువంటి కంపెనీకి ఇక్కడ అనుబంధ సంస్థ ఉన్నదనుకొంటే, ఆర్గనైజరు ప్రత్యక్ష సరఫరాదారు అవుతాడు, రైతు పరోక్ష సరఫరాదారుగా మిగులుతాడు, కూలీ ఇంకొక మెట్టు క్రింద ఉంటుంది. అమెరికా దిగుమతి నిషేధానికి విత్తనం నేరుగా చిక్కదు. అది దేశంలోనే అమ్ముడై, మరొక రైతు చేలో దూదియై, నూలై, వస్త్రమైన తరువాత గాని ఓడ ఎక్కదు. షింజియాంగ్ చట్టం వచ్చాక ప్రత్తి పుట్టుక ఎక్కడో చెప్పాలన్న ఒత్తిడి పెరిగిన మాట వాస్తవం. అయితే ఆ జాడ జిన్నింగు మిల్లు వరకు, మహా అయితే ప్రత్తి పండిన చేను వరకు వెనుకకు పోతుంది. ఆ చేలో నాటిన విత్తనం ఎవరి చేతులతో తయారైనదో అడిగేవారు లేరు.

చట్టానికి జవాబుగా కంపెనీలు సాధారణంగా ఎన్నుకొనే మార్గం ఒప్పందంలో ఒక షరతు చేర్చడం: బాలలను, బలవంతపు కూలీలను పెట్టనని రైతు హామీ ఇవ్వాలి. సంతకం తీసుకున్న కాగితం కంపెనీ దస్త్రంలో చేరుతుంది. తనిఖీలో తప్పు పట్టుబడితే నష్టం రైతుది. ధర మారదు, అడ్వాన్సు అవసరం మారదు, బాధ్యత మాత్రం గొలుసులో అందరికన్న బలహీనుడైన ఉత్పత్తిదారుకు బదిలీ అవుతుంది. దీనిని నిర్మూలన అనలేము. బాలలను చూపితే చిక్కు వస్తుందని తెలిశాక, స్వంత కుటుంబపు పిల్లలే సరిపోయేంత చిన్న కమతాలకు ఉత్పత్తి తరలిపోవడం కూడా కనిపించింది. 2016 నాటి బాల కార్మిక సవరణ చట్టం పద్నాలుగేండ్ల లోపు వారిని పనిలో పెట్టడాన్ని నిషేధిస్తూనే, బడి వేళలు మినహాయించి కుటుంబ వృత్తిలో సాయపడడాన్ని అనుమతించింది. చేలో మొగ్గ గిల్లుతున్న బాలిక రైతు కూతురా, కూలీ కూతురా అని తనిఖీదారు తేల్చడం ఆ మినహాయింపు ఉన్నంతవరకు కష్టమే.

ధర గురించిన ఈ వాదన కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ విత్తన చేలలో బాలికల శ్రమను 2001 నాటి అధ్యయనంలో వెలుగులోనికి తెచ్చిన దావులూరి వెంకటేశ్వర్లు, 2005లో లూసియా డా కోర్టాతో కలిసి సేకరణ ధరనే ప్రశ్నించారు. నాటి ధరకు పెద్దలను మార్కెట్టు కూలికి పెట్టుకొంటే రైతుకు మిగిలేది ఉండదని వారు లెక్క కట్టి చూపారు. దేశీయంగా, విదేశాలలో విమర్శ పెరిగాక కొన్ని కంపెనీలు బాలలను పెట్టని రైతులకు సేకరణ ధరపై అదనపు ప్రోత్సాహకం చెల్లించాయి. స్వచ్ఛంద సంస్థలతో కలిసి చేలను పరిశీలించాయి. ధర, పరిశీలన రెండూ జమిలిగా సాగిన చోట్ల బాలల సంఖ్య తగ్గింది. కూలీల బడులు, తల్లిదండ్రులతో చర్చలు కూడా అందుకు తోడ్పడినవి గనుక ఘనత అంతా ధరకే కట్టబెట్టడం న్యాయం కాదు. ధర పెంచినంత మాత్రాన రైతు ఆ సొమ్మును కూలిగా పంచుతాడన్న హామీ లేదన్న ఆక్షేపణ కూడా సహేతుకమే. అందుకే పరిశీలన అవసరం. కాని ధర లేని పరిశీలన దాగుడుమూతలకే దారి తీస్తుంది.

కంపెనీల పక్షాన చెప్పదగిన మాట ఒకటి ఉన్నది. 2015 నాటి ప్రత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కేంద్ర ప్రభుత్వమే బీటీ విత్తనపు గరిష్ఠ విక్రయ ధరను నిర్ణయిస్తున్నది. రెండవ తరం బీటీ విత్తనపు ప్యాకెట్టు ధర 2016-17లో 800 రూపాయలు కాగా, 2018-19లో 740కి తగ్గింది. విత్తనం కొనే లక్షలాది రైతులకు అది ఊరటయే. అయితే పైన కప్పు బిగించి, క్రింద ఉత్పత్తిదారుకు ఇవ్వవలసిన కనీస ధరను ఎవరూ ప్రకటించనప్పుడు, నొక్కుడు ఎవరిపై పడుతుందో ఊహించడం కష్టం కాదు. కొనే రైతు మేలు కోసం చేసిన ఉత్తర్వు పండించే రైతునూ, అతని కూలీనీ లెక్కలోకి తీసుకోలేదు. ఈ విషయంలో తప్పు విదేశీ కొనుగోలుదారులపైకి నెట్టడం చేతకాదు.

మూలాన్ని తాకితే ఏమి జరుగుతుందో ఉజ్బెకిస్తాన్ చూపింది. అక్కడ దశాబ్దాలపాటు ప్రభుత్వమే ప్రత్తి కోటాలు విధించి, ఉపాధ్యాయులను, వైద్య సిబ్బందిని, విద్యార్థులను ప్రత్తి తీతకు తోలింది. విశ్వవిద్యాలయాల తరగతులు శరదృతువులో ఖాళీ అయ్యేవి. అంతర్జాతీయ వస్త్ర సంస్థలు ఆ ప్రత్తిని బహిష్కరించినవి. 2017 తరువాత సంస్కరణలు మొదలై, తీత కూలి పెరిగింది. 2020లో కోటాల పద్ధతి రద్దయింది. 2021 పంటలో వ్యవస్థీకృతమైన నిర్బంధ శ్రమ కనిపించలేదని అంతర్జాతీయ కార్మిక సంస్థ తేల్చగా, 2022 మార్చిలో బహిష్కరణ పిలుపు ఉపసంహృతమైనది. బయటి ఒత్తిడి లేనిదే ఆ మార్పు వచ్చేది కాదేమో. ఆ ఒత్తిడి ఫలించినది మాత్రం కోటా, కూలి రేటు రెండూ మారినప్పుడే. ఉజ్బెక్ ప్రత్తికి కోటా ఎటువంటిదో, గద్వాల విత్తన ప్రత్తికి సేకరణ ధర అటువంటిది.

ఐరోపా ఆదేశంలో ఇందుకు తగిన ఊతం లేకపోలేదు. సంస్థ తన కొనుగోలు పద్ధతులను, అంటే ధర, గడువు, చెల్లింపు విధానం మొదలైన వాటిని కూడా సరిదిద్దుకోవాలని అది కోరుతున్నది. జర్మనీ చట్టంలోనూ అటువంటి నిబంధన ఉన్నది. అయితే ఏ ధర సముచితమో చెప్పగల లెక్క లేకపోతే ఆ నిబంధన అక్షరాలకే పరిమితమౌతుంది. విశ్వవిద్యాలయాల పాత్ర ఇక్కడ మొదలవుతుంది. సాధారణ ప్రత్తి సాగు వ్యయాన్ని లెక్కించే పథకం దేశంలో దశాబ్దాలుగా నడుస్తున్నది. విత్తన ప్రత్తికి అటువంటి లెక్క, సంకరణ దినాలను విడిగా నమోదు చేసి, వాటికి చట్టబద్ధమైన వయోజన కనీస వేతనాన్ని కట్టి, ఏటా బహిరంగంగా ప్రకటించేది కావాలి. ఆర్గనైజరు వడ్డీ, తిరస్కృత విత్తనం వలన కలిగే నష్టం కూడా అందులో చేరాలి. స్నాతకోత్తర విద్యార్థుల పరిశోధనకు ఇంతకన్న ఉపయుక్తమైన అంశాలు ఎన్నో లేవు.

పురుష వంధ్యత్వం గల ఆడ వంశక్రమాల వినియోగం మరొక మార్గం. జన్యుపరమైన పురుష వంధ్యత్వంలో మొగ్గ గిల్లే పని తప్పుతుంది. సాయంత్రపు శ్రమ మొత్తం తగ్గుతుంది గాని పుప్పొడి అద్దే పని మిగులుతుంది. ఆడ వరుసలలో సగం మేరకు ఉండే ఫలవంతమైన మొక్కలను పూత దశలోనే గుర్తించి పీకివేయాలి. శ్రమ తగ్గడం మంచిదే అయినా, దాని లాభం తక్కువ సేకరణ ధర రూపంలో కంపెనీకి చేరితే కూలీకి ఒరిగేది ఉండదు. కనుక సాంకేతికతను సిఫారసు చేసేటప్పుడు విస్తరణ శాస్త్రవేత్త దాని వ్యయపు లెక్కను కూడా వెంట తీసుకువెళ్లాలి.

విస్తరణ సిబ్బందిని తనిఖీదారులుగా మార్చాలన్న సూచనలు మాత్రం ఆమోదయోగ్యం కావు. చేలో పిల్లలను లెక్కించడానికి వచ్చిన వానికి రైతు గులాబీరంగు పురుగు గురించి నిజం చెప్పడు. వారి చేతిలో ఉండవలసినది లెక్క. అదీ పూత మొదలై చేలు కూలీలతో నిండినప్పుడు చేరితే ఫలితం స్వల్పం. మూల విత్తనం పంపిణీ కాకముందే, ఆర్గనైజరు రైతుతో ధర మాట్లాడకముందే, వేసవిలో కూలీ ఇంటికి అడ్వాన్సు చేరకముందే అది మండల కేంద్రాలలో, రైతు వేదికలలో, రైతు సేవా కేంద్రాలలో తెలుగులో అందుబాటులో ఉండాలి.