అంబులెన్సుకు దగ్గరి దారి వేరు, త్వరితంగా చేర్చే దారి వేరు

హైదరాబాద్: 2025 జనవరి 17వ తేదీ రాత్రి ఒక దాత గుండెను ఎల్.బి. నగర్ నుండి లక్డీకాపూల్‌కు మెట్రో రైలులో తరలించిన విషయం పాత్రికేయులకు విదితమే. 13 స్టేషన్లు గల 13 కిలోమీటర్ల మార్గాన్ని ఆ రైలు 13 నిమిషాలలో దాటింది. వైద్యులు, మెట్రో అధికారులు ముందుగా సమన్వయం చేసుకున్నందుననే ఇది సాధ్యమైంది. అయితే రోడ్డు ప్రమాదం గానీ, గుండెపోటు గానీ ముందుగా కబురు పెట్టి రావు. అట్టి వేళ 108 వాహనం ఏ దారిన పోవాలో కొన్ని క్షణాలలోనే నిర్ణయం కావలసి ఉంటుంది. ఆ నిర్ణయానికి రహదారుల తాజా సమాచారం ఎంతవరకు అక్కరకు వస్తుందన్నది పరిశీలించదగిన అంశం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న 108 సేవలు ప్రారంభమైన నాటికి రద్దీని ఎప్పటికప్పుడు చూపే ఫోన్లు డ్రైవర్ల చేతికి రాలేదు. నేడు రోడ్లపై కదులుతున్న ఫోన్ల వేగాన్ని బట్టి ఒక్కొక్క రోడ్డు భాగాన్ని దాటుటకు పట్టే సమయాన్ని లెక్కగట్టి, వాటి మొత్తం అతి తక్కువగా ఉండే దారిని కంప్యూటరు ఎంపిక చేస్తున్నది. డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన గణన పద్ధతి ఇట్టి లెక్కలకు పునాది. దీనివలన కలిగే మొదటి ప్రయోజనం దారి ఎంపికలో కాక, వాహనం ఎంపికలోనే ఉన్నది. క్షతగాత్రునికి కిలోమీటరు దూరంలోనే ఉన్న వాహనం డివైడరుకు ఆవలి వైపునో, మూసీకి అవతలి ఒడ్డునో ఉన్నచో, మూడు కిలోమీటర్ల దూరంలోని మరొక వాహనమే ముందుగా చేరవచ్చును.

అయినప్పటికీ సాధారణ వాహనదారుల కొరకు రూపొందిన పటాన్ని అంబులెన్సుకు యథాతథంగా వర్తింపజేయుట సరికాదు. మన నగరాలలో ద్విచక్ర వాహనాలు రద్దీలోనూ సందు చూసుకొని ముందుకు సాగుతాయి. వాటి వేగం లెక్కలో కలిసినచో, అంబులెన్సు పట్టని దారి కూడా ఖాళీగా ఉన్నట్లు కనిపించవచ్చును. ఇందుకు భిన్నంగా, వెడల్పాటి రోడ్డుపై సైరన్ విని ఇతరులు తప్పుకొన్నప్పుడు అంబులెన్సు పటం చెప్పిన దానికంటే ముందే చేరుతుంది. ఫ్లైఓవరు ఎక్కిన తరువాత రద్దీ ఎదురైతే వెనుదిరిగే వీలుండదు. కనుక 108 వాహనాల పాత ప్రయాణాల నమోదులనే ఆధారం చేసుకొని వాటికి ప్రత్యేక అంచనాలు రూపొందించుకొనుట సమంజసం.

పటానికి తెలియని విషయాలు అధికారుల ఫైళ్లలో ఉంటాయి. ఏ వీధిలో పైపులైను కొరకు తవ్వకం జరుగుచున్నదో పురపాలక సిబ్బందికి తెలుసు. గణేశ్ నిమజ్జనం నాడు ఏయే దారులు మళ్లించినదీ పోలీసులకు తెలుసు. ఈ ఉత్తర్వులు పత్రికా ప్రకటనల రూపంలో వెలువడుతున్నవే గానీ, కంప్యూటరు గ్రహించగల రూపంలో అత్యవసర సేవల కంట్రోల్ రూముకు అదే గంటలో చేరవలసి ఉన్నది. ఇందుకు పెద్ద వ్యయం కూడా అక్కరలేదు.

గమ్యం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. తలకు గాయమైన వ్యక్తిని సి.టి. స్కాన్ లేని ఆసుపత్రికి ఎంత వేగంగా చేర్చినా, అక్కడి నుండి మరొక ప్రయాణం తప్పదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం గాయపడిన తరువాతి తొలి గంటను "గోల్డెన్ అవర్"గా నిర్వచించింది. అత్యవసర వాహనాలకు దారి ఇవ్వని వారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని అదే చట్టం పేర్కొంటున్నది.

పాత్రికేయులు సాధారణంగా అడిగేది అంబులెన్సు చేరుటకు పట్టే సగటు సమయం. సగటు చక్కగానే ఉండి, సాయంకాలపు రద్దీలో పిలిచిన వారికి మాత్రం వాహనం ఆలస్యంగా అందవచ్చును. ప్రతి పది పిలుపులలో అన్నింటికన్నా ఆలస్యమైన దానికి ఎంత సమయం పట్టింది, ఏ ప్రాంతంలో, ఏ వేళలో అన్న వివరాలను జిల్లాల వారీగా కోరడం సముచితం.